కాలేజీ సీటు, స్టడీ సర్టిఫికెట్: అర్ధశతాబ్దపు ముచ్చట

కండ్లకోయ, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో స్థిరపడిన మన సంఘ సభ్యుల ఇళ్ళలో ప్రతి వేసవిలోనూ ఒక వెతుకులాట జరుగుతుంది. మనవడికో మనవరాలికో ర్యాంకు వస్తుంది. ఆ సంతోషం రెండు రోజులు కూడా గడవకముందే "ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలట" అన్న మాట వినిపిస్తుంది. బీరువాలు, ట్రంకు పెట్టెలు తెరుచుకుంటాయి. మార్కులు పిల్లవాడు తెచ్చుకున్నా, సీటు ఏ వరుసలో వస్తుందో తేల్చేది ఆ చిన్న కాగితాలే. వాటికింత బలం ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి.

నిజాం కాలంలో 1919 నాటి ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు సర్కారు కొలువుల కోసం పుట్టినవి. సంస్థానంలో 15 ఏళ్ళ నివాసం ఉంటే ముల్కీ, లేకపోతే గైర్‌ముల్కీ. చదువుల సంగతి ఒప్పందంగా కాగితం మీదికి ఎక్కింది 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో. తెలంగాణలోని కళాశాలల్లో, సాంకేతిక విద్యాసంస్థలతో సహా, ప్రవేశాలు తెలంగాణ విద్యార్థులకే పరిమితం చేయాలని, లేదా రాష్ట్రం మొత్తం సీట్లలో మూడో వంతు వారికి ఇవ్వాలని, ఈ రెండింటిలో వారికి ఏది లాభమైతే అది అమలు చేయాలని అందులో రాసుకున్నారు. రాత బాగానే ఉంది, అమలే చిక్కు అయింది. 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చింది. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పగానే అటు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. పి.వి. నరసింహారావుగారి మంత్రివర్గం పోయింది, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. మన తరం వారికి ఆ రెండు ఉద్యమాలూ చదివి తెలుసుకున్నవి కావు. కాలేజీలు మూతపడి చదువు వెనకబడ్డవారు మనలోనే ఉన్నారు.

ఆ గొడవలకు ముగింపుగా 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం ప్రకటించారు. కొలువుల సంగతి అందరికీ గుర్తుంటుంది గానీ, విద్యాప్రవేశాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది కూడా ఆ సూత్రాల్లో ఉన్నదే. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది కూడా దాని ఫలితంగానే. రాజ్యాంగాన్ని 32వ సారి సవరించి 371-డి అధికరణం చేర్చారు. దాని కింద 1974 జూలై 1న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. మన మనవల సీట్ల కథ మొదలయ్యేది అక్కడే.

ఆ ఉత్తర్వు రాష్ట్రాన్ని 3 స్థానిక ప్రాంతాలుగా విడదీసింది. కోస్తా జిల్లాలు, నెల్లూరు తప్ప, ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం. రాయలసీమ జిల్లాలు, నెల్లూరు కలిపి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. తెలంగాణ అంతా ఉస్మానియా ప్రాంతం. సీట్లలో 85 శాతం ఆ ప్రాంతం వారికి, మిగిలిన 15 శాతం అందరికీ. రాష్ట్రస్థాయి సంస్థల్లో అయితే ఆ 85 శాతాన్ని ఆంధ్రకు 42, ఉస్మానియాకు 36, వేంకటేశ్వరకు 22 పాళ్ళుగా పంచారు. కండ్లకోయ అప్పుడు హైదరాబాదు జిల్లాలో ఉండేది. 1978 తర్వాత రంగారెడ్డి జిల్లా, 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా ఊరు మాత్రం ఉస్మానియా ప్రాంతంలోనే ఉంది.

ఇక స్థానికుడెవరన్నది అసలు ప్రశ్న. ముల్కీకి, దీనికి పెద్ద తేడా ఇక్కడే కనిపిస్తుంది. ముల్కీ నివాసాన్ని చూసింది, ఈ ఉత్తర్వు చదువును చూసింది. తాత ఏ ఊరివాడు, ఇల్లు ఎవరి పేర ఉంది అని అడగలేదు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా 4 ఏళ్ళు ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతానికి స్థానికుడు. అది ఏ ప్రాంతంలోనూ కుదరకపోతే వరుసగా చివరి 7 ఏళ్ళు రాష్ట్రంలో చదివి ఉండాలి. వాటిలో ఎక్కువ కాలం ఎక్కడ చదివాడో చూడాలి. రెండు చోట్ల సమానమైతే ఆఖరున చదివిన చోటు లెక్క. బడికి పోకుండా ప్రైవేటుగా చదివినవారికి మాత్రమే నివాస ధ్రువపత్రం. 1979 జూలై 10 నాటి జి.ఓ. 646 ఈ అమలును ఇంకా విడమరచింది. నా మటుకు నాకు ఇది ముల్కీ కంటే న్యాయంగానే తోస్తుంది. పుట్టుక మన చేతిలో లేదు, బడి రిజిస్టరు అయితే అబద్ధమాడదు.

కానీ బదిలీల మీద బతికిన కుటుంబాలకు ఇది తమాషా లెక్కలు చూపించింది. జోన్ లోపల తిరిగిన ఎన్.జి.ఓ.లకు పెద్ద ఇబ్బంది లేదు. రాష్ట్రమంతా తిరిగే గెజిటెడ్ అధికారులు, రైల్వే, బ్యాంకు, తంతి తపాలా వారి పిల్లల సంగతి వేరు. ఒక పిల్లవాడు 6, 7 తరగతులు మేడ్చల్‌లో, 8, 9 కాకినాడలో, పదో తరగతి, ఇంటర్ మళ్ళీ మేడ్చల్‌లో చదివాడనుకోండి. చివరి 4 ఏళ్ళంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. తొమ్మిది కాకినాడ కనుక ఆ లెక్క తప్పింది. ఏడేళ్ళ లెక్కలో మేడ్చల్ 5, కాకినాడ 2. ఉస్మానియా స్థానికుడే. అదే పిల్లవాడు 6 నుంచి 9 దాకా నాలుగేళ్ళూ కాకినాడలో ఉండి, పదో తరగతికి వచ్చాడనుకోండి. అక్కడ 4, ఇక్కడ 3. సొంత ఇల్లు కండ్లకోయలో ఉన్నా, తల్లిదండ్రుల ఓట్లు ఇక్కడే ఉన్నా, వాడు ఆంధ్ర ప్రాంతం వాడు! ఒక్క ఏడాది ముందు బదిలీ వచ్చి ఉంటే సీటు వేరే వరుసలో ఉండేది. ఉత్తర్వు రాసినవారు ఉద్యోగుల పిల్లలను పూర్తిగా మరిచిపోలేదు. ఆ 15 శాతానికి రాష్ట్రంలో పనిచేసే ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగుల పిల్లలను కూడా అర్హులను చేశారు. అయితే 15 శాతంలో పోటీ ఎంత గట్టిదో ర్యాంకుల పట్టిక చూసినవారికి చెప్పనక్కరలేదు.

1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ, ప్రవేశాలను క్రమబద్ధం చేస్తూ చట్టం వచ్చింది. తర్వాత ఎంసెట్ ఇంటింటి మాట అయింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కాలేజీల సీట్లను ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లుగా విడదీసింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో ఆ పద్ధతి పోయింది. సరిగ్గా ఆ 2002లోనే కండ్లకోయలో సి.ఎం.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల వెలిసింది. 2005లో అదే పేరుతో ఇన్‌స్టిట్యూట్ కూడా వచ్చింది. ఒకప్పుడు మేడ్చల్ స్టేషన్లో రైలెక్కి చదువుకు సికింద్రాబాదు పోయిన కుటుంబాల ముందుకు, ఊళ్ళోకే, కాలేజీ బస్సులు వచ్చి ఆగాయి. 2018లో అవుటర్ రింగు రోడ్డులో మిగిలిన చివరి ముక్క పూర్తయింది కూడా కండ్లకోయ దగ్గరే. ఇంజనీరింగ్ సీట్లు పెరిగాక ఆ చదువు వరకు స్థానికత గొడవ కొంత మెత్తబడింది. వైద్యవిద్యలో మెత్తబడలేదు. 2017 నుంచి ప్రవేశం నీట్ ద్వారా అయినా రాష్ట్ర కోటాలో స్థానికత అలాగే ఉంది.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పునర్విభజన చట్టం 95వ సెక్షన్ ప్రవేశాల కోటాలను 10 ఏళ్ళకు మించకుండా కొనసాగించమంది. ఆ గడువు 2024 జూన్ 2తో తీరింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం వైద్యవిద్యకు జి.ఓ. 33 ఇచ్చి ఏడేళ్ళ వెసులుబాటు తీసేసింది. ఇక చివరి నాలుగేళ్ళే లెక్క. హైకోర్టు ఆ నిబంధనను సడలించి చదవాలంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు నాలుగేళ్ళ నిబంధననే సమర్థించింది. బయటి రాష్ట్రాలకు బదిలీ అయిన ప్రభుత్వోద్యోగుల, సైనికుల పిల్లల వంటి వారికి మినహాయింపు ఉంది. ప్రైవేటు కంపెనీలో పనిచేస్తూ బెంగుళూరు వెళ్ళిన మన కొడుకులకు, కోడళ్ళకు అది వర్తించదు.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. కండ్లకోయలో పుట్టి, పదో తరగతి దాకా ఇక్కడే చదివి, మంచి కోచింగ్ అని ఇంటర్‌కు విజయవాడ పంపిన పిల్ల సంగతి తీసుకోండి. పాత ఏడేళ్ళ లెక్కలో ఉస్మానియా 5, ఆంధ్ర 2. నిక్షేపంగా స్థానికురాలు. కొత్త లెక్కలో కాదు. రాజస్థాన్‌లోని కోటాలో ఇంటర్ చదివించినా అంతే. హాస్టలు ఫీజు, అన్నం, ఫలితాలు అన్నీ విచారించి పంపిన తల్లిదండ్రులు ఈ ఒక్కటి అడగడం మరిచిపోతున్నారు. 2025 ఫిబ్రవరిలో ఇంజనీరింగ్ వంటి కోర్సులలో 15 శాతం సీట్ల నిబంధన కూడా మారి, పక్క రాష్ట్రం వారికి ఆ తలుపు మూసుకుంది. కాబట్టి గుంటూరులో ఉన్న కూతురి పిల్లలను డిగ్రీ చదువుకు ఇక్కడికి తెచ్చుకుందామనుకునే తాతలు అంతకుముందే లెక్క చూసుకోవాలి.

తొమ్మిదో తరగతిలో చేర్పించేటప్పుడే ఈ మాట ఇంట్లో తేల్చుకోవాలి. ఇంటర్ ఫలితాలు వచ్చాక చేయగలిగేది ఏమీ ఉండదు. ప్రతి బడి వదిలేటప్పుడు టి.సి.తో పాటు ఏ తరగతి ఏ సంవత్సరం చదివాడో రాసిన స్టడీ సర్టిఫికెట్ ఆ రోజే తీసుకోవడం మేలు. ప్రైవేటు బడులు మూతపడుతుంటాయి, రిజిస్టర్లు ఎక్కడికి పోయాయో తర్వాత తేలదు. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయా అని చూడడానికి కళ్ళద్దాలు పెట్టుకున్న రిటైర్డు గుమస్తాను మించినవాడు ఉండడు. ఏ ఏటి నోటిఫికేషన్ ఆ ఏడు చదవాలి. పోయినేడు పక్కింటి అబ్బాయికి సరిపోయిన కాగితం ఈ ఏడు మన అమ్మాయికి సరిపోకపోవచ్చు.