ఆయాసం తీరేదాకా



మా భవానీపురం ఇంట్లో మేడమీదికి పద్దెనిమిది మెట్లు. గుండె నీరసించింది, హార్టు ఫెయిల్యూరు అని డాక్టరుగారు చెప్పిన తర్వాత కూడా మా అత్తయ్యగారు మెల్లగా ఎక్కేవారు. తంటా అంతా ఎక్కిన తర్వాతే. పది నిమిషాలైనా కుర్చీలోంచి లేవలేకపోయేవారు. "కూర్చున్నాక కూడా ఇంత ఆయాసమేమిటండీ అత్తయ్యా!" అని ఒకసారి విసుక్కున్నాను. ఆవిడ ఏమీ అనలేదు.

నా విసుగు ఎంత తప్పో భీమవరంలో పుట్టిన ఒకాయన గురించి చదివాక గాని తెలియలేదు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. పుట్టింది 1895లో. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదట. నేనూ మెట్రిక్కే కనుక ఆ సంగతి నాకు మహా ఇష్టం! మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి పనిచేశారు. రక్తం వంటి వాటిలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు.

కండ కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమేనని అప్పట్లో పెద్దల నమ్మకం. 1922 నోబెల్ బహుమానం కూడా ఆ దారిన పరిశోధించిన హిల్, మేయర్‌హాఫ్‌లకే దక్కింది. అటువంటప్పుడు 1927లో సుబ్బారావుగారు, ఫిస్కే కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే ఏడు దాని జాడ కనిపెట్టారు. కండ పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్ళీ పోగవుతుంది.

మన ఆడవాళ్ళ భాషలో చెప్పాలంటే అది పోపులడబ్బాలో దాచిన చిల్లర. గుమ్మంలోకి కూరలమ్మి వస్తే బ్యాంకుకు పరుగెత్తం గదా! ముందు డబ్బాలోంచి తీసి ఇస్తాం, జీతం వచ్చాక నింపుకుంటాం. ఒంటికి ఆ జీతం ప్రాణవాయువు, మోసుకొచ్చేది రక్తం. ఆరోగ్యవంతులకు కొద్ది నిమిషాల్లోనే డబ్బా నిండుతుంది.

1980ల నుంచి, కోత లేకుండా, సూది గుచ్చకుండా, అయస్కాంత యంత్రంతో రోగి కండలోని ఈ నిల్వను చూడగలిగారు. గుండె నీరసించినవారిలో అది త్వరగా తరిగిపోతోంది, నిండడానికి ఎక్కువ సేపు పడుతోంది. నాడి వేగమూ నెమ్మదిగానే దిగుతుంది. రక్తం చాలకపోవడం ఒక్కటే కాదు, జబ్బు పాతబడేకొద్దీ కాళ్ళ కండలే మారిపోతాయి. అంటే అత్తయ్యగారు కుర్చీలో కూర్చున్నా ఆవిడ ఒళ్ళు మాత్రం పనిలోనే ఉందన్నమాట. నేనేమో విసుక్కున్నాను.

ఇలాంటివారిని పూర్వం మంచం దిగనిచ్చేవారు కారు. 1990లో ఇంగ్లండు వైద్యులు కొద్దిమంది రోగులచేత ఇంటివద్దే సైకిలు తొక్కించి, ఓపిక పెరిగిందని చూపారు. 2009లో 2331 మందిపై జరిపిన పెద్ద పరిశీలన ఫలితం వచ్చింది. లాభం కొద్దిపాటిదే గాని, నిలకడగా ఉన్న రోగులకు వ్యాయామంవల్ల అపాయం లేదని తేలింది. డాక్టరుగారిని అడక్కుండా మాత్రం మొదలుపెట్టకండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, పడుకుంటే ఊపిరాడకపోయినా, కాళ్ళు వాచినా వెంటనే ఆయనకు చూపించాలి.

ఇప్పుడు మా మెట్ల మలుపులో ఒక ముక్కాలిపీట వేశాను. తొమ్మిది మెట్లెక్కి అత్తయ్యగారు దానిమీద కూర్చుంటారు. నేను కింది మెట్టుమీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటాను. "ఇక పదమ్మా" అని ఆవిడ అన్నాకనే ఇద్దరం లేస్తాం.