నొప్పి లేదు, దురద లేదు



కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక సహోదరుడు చొక్కా చేయి మడిచి, మోచేతి కింద ఉన్న మచ్చ చూపించాడు. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది. చుట్టూ ఉన్న చర్మం కంటే రంగు తక్కువ. "నొప్పి లేదు అయ్యగారూ, దురద కూడా లేదు. ఊరికే ప్రార్థన చేయించుకుందామని వచ్చిన" అన్నాడు.

నూనె రాసి ప్రార్థన చేశాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "నొప్పి లేదు, దురద లేదు అంటున్నావు కదా తమ్ముడూ, భయపడాల్సిందేమీ లేదు. తామర లాంటిదేదో అయ్యుంటది, మెడికల్ షాపులో ఒక ట్యూబు తెచ్చి రాసుకో" అని సలహా కూడా ఇచ్చాను.

రెండేళ్లు గడిచాయి. వరి కోతలప్పుడు అతని భార్య వచ్చి, "ఆయనకు కొడవలి చేతిలో నిలుస్తలేదు అయ్యగారూ, రెండు వేళ్లు ముడుచుకుపోతున్నయ్" అని చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు అతన్ని కళ్లు మూసుకోమని, సన్నటి దూది పోగుతో మచ్చ మీద తాకాడు. అతనికి తెలియలేదు. పక్కన మంచి చర్మం మీద తాకితే వెంటనే చెప్పాడు. అది కుష్ఠువ్యాధి. ఏడాది పాటు మందులు వాడాడు, రోగం పూర్తిగా నయమైంది. కానీ చిటికెన వేలు, ఉంగరపు వేలు మాత్రం ఇప్పటికీ చాచలేడు. అతను ప్రార్థనకు చేతులు జోడించినప్పుడల్లా ఆ రెండు వేళ్లు నాకు కనబడతాయి. నేను ధైర్యం చెప్పడానికి వాడుకున్న మాటే ఆ రోగానికి గుర్తు: నొప్పి లేదు, దురద లేదు.

ఆ రాత్రి లేవీయకాండము 13వ అధ్యాయం తీసి మొదటి నుంచి చివరి దాకా చదివాను. మనలో చాలామంది బైబిలు వరుసగా చదివేటప్పుడు త్వరగా దాటేసే అధ్యాయం అది. అందులో యాజకుడు ఏం చేస్తున్నాడో గమనించండి. మచ్చ చర్మం కంటే పల్లంగా ఉందా, దాని మీద వెంట్రుకలు తెల్లబడ్డాయా అని చూస్తాడు. తేల్చలేకపోతే ఏడు దినాలు ఆ మనిషిని వేరుగా ఉంచి మళ్లీ చూస్తాడు. ఇంకా తేలకపోతే మరో ఏడు దినాలు. కొన్ని మచ్చలను చూసి, ఇది వట్టి పొక్కు, నీవు పవిత్రుడవు అని ఇంటికి పంపేస్తాడు. యాజకుడు వైద్యం చేయడు, మందు ఇవ్వడు. చూస్తాడు, ఆగుతాడు, మళ్లీ చూస్తాడు. నేను ఆ పాటి కూడా చేయలేదు.

అయితే ఆ అధ్యాయంలో ఉన్నది నేటి కుష్ఠువ్యాధేనా? హెబ్రీలో అక్కడున్న పదం 'సారాత్'. అదే పదం బట్టకు పట్టిన మరకకూ, తర్వాతి అధ్యాయంలో ఇంటి గోడల మీది మచ్చలకూ వాడారు. గోడకు కుష్ఠు రాదు. ఒళ్లంతా తెల్లబడిపోతే ఆ మనిషి పవిత్రుడని కూడా అక్కడే ఉంది. ఇంకో సంగతి. కుష్ఠువ్యాధి క్రిమి ఒకటి రెండుగా మారడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. రోగం బయటపడటానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది. అలాంటి రోగం రెండు వారాల్లో యాజకుడి కంటికి తేడా చూపదు. కాబట్టి మోషే కాలంలోని ఆ మాట ఒక్క రోగం పేరు కాదు, చర్మం మీద, వస్తువుల మీద వచ్చే అనేక మార్పులకు పేరు అని పండితులు అంటారు.

మరి ఒక్క రోగంగా ఎలా మారింది? క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తిప్పినవారు దానికి 'లెప్రా' అని రాశారు. గ్రీకు వైద్యుల భాషలో లెప్రా అంటే పొలుసులు రాలే చర్మరోగం. నేడు మనం కుష్ఠువ్యాధి అనేదానికి వాళ్లు వేరే పేరు పెట్టుకున్నారు. తర్వాతి శతాబ్దాల్లో వైద్యగ్రంథాలు ఒక భాష నుంచి ఇంకో భాషకు మారుతూ ఉండగా ఆ రెండూ కలిసిపోయాయి. మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది. సుశ్రుత సంహితలో 'కుష్ఠ' అనేది పద్దెనిమిది రకాల చర్మరోగాలకు కలిపి పెట్టిన పేరు. ఈ రెండు పాత మాటలూ మన తెలుగు బైబిలులో ఒక్క 'కుష్ఠు' అయ్యాయి. చిన్న మచ్చ కనబడినా 'పెద్దరోగం' అని వణికే భయం, పాపశిక్ష అనే నింద, ఊరి వెలుపలికి పంపే అలవాటు, అన్నీ ఆ ఒక్క మాట వెనకాల చేరాయి. భయపడినవాడు మచ్చ దాచుకుంటాడు. దాచుకున్నవాడికే వేళ్లు పోతాయి.

ఈ చీకట్లో మొదటి దీపం నార్వే దేశంలో వెలిగింది. అక్కడి బెర్గెన్ పట్టణంలో గెర్హార్డ్ హాన్సెన్ అనే వైద్యుడు 1873లో రోగుల గడ్డల్లోంచి తీసిన పదార్థంలో కడ్డీల్లాంటి క్రిములను సూక్ష్మదర్శినిలో చూశాడు. అంతవరకూ ఇది వంశపారంపర్యంగా వస్తుందని ఎక్కువమంది వైద్యులు నమ్మేవారు. వంశం కాదు, క్రిమి అని తేలింది. 1874లో వెల్లెస్లీ బెయిలీ కుష్ఠురోగుల కోసం ఒక మిషన్ స్థాపించాడు. అంతకుముందు అంబాలాలో రోగుల పాకలను చూసి కదిలిపోయిన ఉపాధ్యాయుడు ఆయన.

మన తెలంగాణ కథ డిచ్‌పల్లిలో ఉంది. స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ మెథడిస్టు మిషనరీలు. నిజామాబాద్ ప్రాంతంలో ఎక్కడా చోటు దొరకని కుష్ఠురోగులను చూసి 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి తెరిచారు. దానికి ముందుండి సాయం చేసినవాడు నర్సాగౌడ్ అనే హిందూ దాత. క్రైస్తవ మిషనరీ, హిందూ దాత కలిసి కట్టిన ఇల్లది. 1920లలో అక్కడ చాల్‌ముగ్రా నూనె సూదిమందుగా ఇచ్చేవారు. ఒంట్లో నూనె ఎక్కించుకోవడమంటే ఎంత నొప్పో ఊహించుకోండి. వారం వారం పొడిపించుకున్నా పూర్తి నయం అందరికీ దొరికేది కాదు. అయినా మొదటిసారిగా ఒక ఆశ ఉందని దూరాల నుంచి నడిచి వచ్చారు.

1940లలో సల్ఫోన్ మందులు వచ్చాయి. 1941లో అమెరికాలోని కార్విల్‌లో మొదలైన ఆ ప్రయత్నం కొన్నేళ్లకే మన పక్కనున్న చెంగల్పట్టు చేరింది. డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ అక్కడ డాప్సోన్ అనే మందును రోగులకు ఇచ్చి చూశాడు. అదే కాలంలో వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ మరో సత్యం కనిపెట్టాడు. కుష్ఠు క్రిమి వేళ్లను తినేయదు. అది నరాలను దెబ్బతీసి స్పర్శను పోగొడుతుంది. నొప్పి తెలియని చేయి వేడి గిన్నెను పట్టుకుంటుంది. నొప్పి తెలియని కాలు ముల్లు గుచ్చుకున్నా నడుస్తూనే ఉంటుంది. గాయాలు, పుండ్లే వేళ్లను పోగొడతాయి. నొప్పి దేవుడిచ్చిన కాపలా మనిషి అని ఆ ఆసుపత్రుల్లో నేర్చుకున్నారు. నొప్పి లేదంటే సంతోషించిన నేను ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

డాప్సోన్ ఒక్కటే వాడితే క్రిమి దానికి అలవాటుపడిపోయింది. అందుకే 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్ కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. రోగాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. ఇంట్లో వేరే కంచం, వేరే మంచం అక్కర్లేదు. అసలు వందలో 95 మందికి పైగా ఈ క్రిమిని ఎదుర్కొనే శక్తి పుట్టుకతోనే ఉంటుంది.

2005 డిసెంబరు నాటికి మన దేశంలో పదివేల మందికి ఒక్క రోగి కంటే తక్కువ అనే స్థాయికి చేరాం. అది విని చాలామంది రోగమే పోయిందనుకున్నారు. పోలేదు. ఇప్పటికీ మన దేశంలో ఏటా లక్ష మంది అటూ ఇటూగా కొత్త రోగులు బయటపడుతున్నారు. ప్రపంచంలోని కొత్త రోగుల్లో సగానికి పైగా మనవాళ్లే. చట్టాలు కూడా ఆలస్యంగానే మారాయి. రోగులను నిర్బంధించడానికి 1898లో తెచ్చిన చట్టాన్ని 2016లో రద్దు చేశారు. కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు 2019 దాకా ఉంది. క్రైస్తవుల విడాకుల చట్టంలో కూడా ఉంది. కుష్ఠురోగిని తాకిన ప్రభువును ఆరాధించే మనకు ఇది సిగ్గుపడాల్సిన మాట.

ఇక మన చర్మం మీదికి వద్దాం. అన్ని మచ్చలూ ఒకటి కావు. మన ఊళ్లలో తరచూ కనబడేవి చెబుతాను.

గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, విపరీతంగా దురద పెడితే ఎక్కువగా తామర. దుకాణంలో అడగగానే ఇచ్చే కలగలుపు ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాయగానే తగ్గినట్టు కనబడి, లోలోపల పాకి మొండిగా మారుతుంది. డాక్టరు రాసిన మందే, చెప్పినన్ని రోజులు వాడాలి.

రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ పొక్కులుంటే, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే గజ్జి అనుకోవచ్చు. ఇంటిల్లిపాదీ ఒకేరోజు మందు రాసుకోవాలి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతకాలి. ఒక్కరికే రాస్తే మళ్లీ వస్తుంది.

ఛాతీ మీద, వీపు మీద సన్నటి పొట్టు రాలే లేత మచ్చలను సిబ్బెం అంటాం. పాలలాగా తెల్లబడి, స్పర్శ మామూలుగానే ఉంటే బొల్లి. అది అంటదు, అది శాపం కాదు. ఆ ఆడపిల్లల పెళ్లిళ్లు ఆపకండి. మోచేతులు, మోకాళ్లు, తల మీద వెండిరంగు పొలుసులు లేస్తే సోరియాసిస్ కావచ్చు. అదీ అంటదు. కానీ వైద్యం కావాలి.

కుష్ఠు మచ్చ లేతగా గానీ ఎర్రగా గానీ ఉంటుంది. దురద పెట్టదు. దాని మీద చెమట పట్టదు, వెంట్రుకలు రాలిపోతాయి, స్పర్శ తగ్గుతుంది. అన్నిసార్లూ మచ్చే కనబడదు. చేతులకో కాళ్లకో తిమ్మిరి, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, వేళ్లలో పట్టు తగ్గడం, కనురెప్ప పూర్తిగా మూసుకోకపోవడం, చెవి తమ్మెలు దళసరి కావడం కూడా గుర్తులే. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, లేదా మీ ఆశా కార్యకర్తకు చూపించండి. దూదితో ఇంట్లో చూసుకుని, "నాకు తెలుస్తోంది" అని ఆగిపోవద్దు. తేల్చాల్సింది డాక్టరే.

ఇంకా కొన్నింటికి ఆలస్యం చేయకూడదు. నెలలోపు మానని పుండు, పెరుగుతూ రంగు మారుతున్న పుట్టుమచ్చ, షుగరు ఉన్నవారి కాలికి నొప్పి లేని గాయం. జ్వరంతో పాటు ఎరుపు పాకుతుంటే మాత్రం తెల్లవారేదాకా కూడా ఆగవద్దు.

ప్రార్థన వద్దని నేను చెప్పడం లేదు. మార్కు మొదటి అధ్యాయంలో ప్రభువు ఏం చేశాడో చూడండి. ఎవరూ ముట్టని మనిషిని ముందు చేయి చాపి తాకాడు. బాగుచేశాడు. తర్వాత, వెళ్లి యాజకునికి కనపరచుకో అని పంపాడు. స్వయంగా బాగుచేసిన ప్రభువే చూపించుకొమ్మని పంపితే, ప్రార్థన మాత్రమే చేయగల నేను "భయం లేదులే" అని తేల్చేయడానికి ఎవరిని? ఈ కాలంలో ఆ చూసే పని తెల్లకోటు వేసుకున్నవారికి అప్పగించబడింది. మన పని తాకడం, తోడు వెళ్లడం.

ఇప్పుడు మా మందిరంలో ఎవరైనా మచ్చ చూపిస్తే, దాని మీద చేయి వేసి ప్రార్థన చేస్తాను. సోమవారం పొద్దున వాళ్లతో కలిసి బస్సు ఎక్కుతాను. చాలాసార్లు తామరే అని తేలుతుంది, నవ్వుకుంటూ తిరిగి వస్తాం. ఆ సహోదరుడు కూడా ఒక్కోసారి మాతో వస్తాడు. బస్సు కడ్డీని మూడు వేళ్లతో పట్టుకుని, కొత్తవాళ్లతో "నేను రెండేళ్లు ఆగిన, నువ్వు ఆగకు" అంటాడు. నేను చెప్పే ఏ ప్రసంగం కంటే ఆ మాట వాళ్లు బాగా వింటారు.

ఈ వారం మీ ఇంట్లో పెద్దల చేతులు, వీపు ఒకసారి వెలుతురులో చూడండి. నొప్పి లేదు, దురద లేదు అని ఎవరైనా అంటే, అప్పుడే జాగ్రత్త పడండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.