ఊపిరితిత్తుల క్యాన్సర్: ఆ గీతకు పైన ఎవరు, కింద ఎవరు?



ఎండాకాలం వస్తే మన గూడేల్లో ఇంటిల్లిపాదీ తునికాకు కోస్తాం. 50 ఆకులకు ఒక కట్ట. ఆ ఆకే బీడీ అయి మళ్లీ మన తాతల నోటికి చేరుతుంది. అందుకే ఊపిరితిత్తుల క్యాన్సర్ చరిత్ర మనకు సంబంధం లేనిది కాదు. దాంట్లో చిన్న భాగం రాస్తున్నా, కొంచెం ఓపికగా చదవండి.

మన ఒంట్లో టీ కణాలు కాపలా కాస్తాయి. అవి సొంత శరీరాన్నే కొట్టకుండా వాటికి ఒక బ్రేకు ఉంటుంది. దాని పేరు పీడీ-1. 1992లో జపాన్‌లో తసుకు హోంజో బృందం దాన్ని కనిపెట్టింది. కొన్ని క్యాన్సర్ కణాలు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ చూపించి ఆ బ్రేకు తొక్కుతాయి. ఇంటివాళ్ల బట్టలేసుకొచ్చిన దొంగను చూసి కుక్క మొరగనట్టే, టీ కణం ఊరుకుంటుంది. ఆ బ్రేకును విడిపించే మందులు ఇమ్యునోథెరపీలో ఒక రకం. ఈ పనికే 2018లో హోంజోకు, ఇంకో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు.

2015 మార్చిలో అమెరికాలో నివోలుమాబ్ అనే మందుకు ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అనుమతి వచ్చింది. కీమో తీసుకున్నాక కూడా జబ్బు ముదిరినవాళ్ల మీద చూశారు. ఏడాదికి బతికున్నవాళ్లు పాత మందుతో 24 శాతం, దీంతో 42 శాతం.

మరి కీమో బదులు మొదటి మందుగానే ఇస్తే? ఇక్కడ రెండు కంపెనీలు రెండు గీతలు గీశాయి. బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ తన నివోలుమాబ్‌కు, గడ్డలో 5 శాతం కణాల్లో పీడీ-ఎల్1 ఉంటే చాలనుకుంది. మెర్క్ తన పెంబ్రోలిజుమాబ్‌ను 50 శాతం, ఆపైన ఉన్నవాళ్లకే ఇచ్చి చూసింది. 2016లో ఫలితాలొచ్చాయి. మొదటిది కీమోను దాటలేదు. రెండోది దాటింది. ఐదేళ్ల తర్వాత లెక్కేస్తే కీమోతో మొదలుపెట్టినవాళ్లలో 16 శాతం, దీంతో మొదలుపెట్టినవాళ్లలో 32 శాతం బతికున్నారు. గీతకు పైనున్న అందరికీ మందు పనిచేయదు, కిందున్న కొందరికి పనిచేస్తుంది కూడా. అయినా డాక్టర్ ముందుగా అడిగే అంకెల్లో అదొకటైంది. మెర్క్ పరీక్ష 16 దేశాల్లో జరిగింది, వాటిలో ఇండియా లేదు.

ఇప్పుడు మన హైదరాబాద్‌కి వద్దాం. 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన హైటెక్ సిటీలోనే, 2024లో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ 10 కోట్ల డాలర్ల కేంద్రం తెరిచింది. అక్కడ ఐటీ పని, మందుల అభివృద్ధి పని చేస్తారు. అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లో దిగితే, దగ్గర్లోనే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి. 1955 నుంచి పేదవాళ్లు అక్కడికే వస్తున్నారు.

పీడీ-ఎల్1 చూడాలంటే ముందు గడ్డలోంచి ముక్క తీయాలి. మా పెదనాయన దగ్గును టీబీ అనుకొని నెలల తరబడి మాత్రలు మింగించారు. గడ్డ అని తెలిసేసరికి ముక్క తీయించుకునే శక్తి కూడా ఆయనకు లేదు. ఆయన గీతకు పైన ఉన్నాడో కింద ఉన్నాడో మాకు ఇప్పటికీ తెలియదు.

ఖరీదు ఇంకో గోడ. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు దాన్ని కొంత కదిలించారు. 2022లో తల, మెడ క్యాన్సర్ రోగులకు మామూలు మాత్రలతోపాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ మాత్రమే ఇచ్చి చూపించారు. అది మామూలు మోతాదులో పదోవంతు కూడా కాదు. ఏడాది బతికినవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. మన దేశంలో, మన రోగులతో చేశారు కాబట్టే ఆ దారి దొరికింది.

అందుకే రెండు మాటలు. రెండు వారాలు దాటిన దగ్గును వదిలేయకండి. టీబీ పరీక్షలో ఏమీ రాకపోయినా, మాత్రలు వాడినా తగ్గకపోయినా, స్కానింగ్ చేయమని డాక్టర్‌ని గట్టిగా అడగండి. ఇంటర్ అయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు స్టాటిస్టిక్స్, బయోటెక్నాలజీ వైపు కూడా చూడండి. తర్వాతి గీత గీసే గదిలో తునికాకు కోసిన చేతులు కూడా ఉండాలి.