కోలారు సీమలో లెక్కలు, సమ్మతి, బాలలు

ప్రభుత్వ వ్యయముతో జరుగు సర్వేలయందు ప్రజల సమ్మతి కోరవలెననెడి భావము గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 ఆగస్టు 24 నాటి సుప్రీంకోర్టు తీర్పుతోనే మనకు కలిగినదనియు, అంతకు పూర్వము మనవారు అడిగినదెల్ల అరమరికలు లేక చెప్పుచు వచ్చిరనియు పలువురు వ్రాయుచున్నారు. కోలారు చరిత్ర నెరిగినవారికి ఈ మాట పొసగదు.

1871 నాటి మైసూరు జనగణన మొదలుకొని ఇంటి యజమాని చెప్పినదే బిడ్డల వివరమయ్యెను. దానిని విస్తరింప బనిలేదు. విచారింపదగినది 1930 నాటి బంగారు గనుల సమ్మె. జాన్ టేలర్ సంస్థ నడుపుచుండిన ఆ గనులలో కూలీల వేలిముద్రలు గైకొని నమోదు చేయు పద్ధతి రాగా, ఉత్తరార్కాటు నుండియు చిత్తూరు నుండియు వలసవచ్చి, గుర్తింపు పొందిన సంఘమైనను లేని ఆ తమిళులు, తెలుగువారు పని మానిరి. దీనిని కేవలము అజ్ఞానజనితమైన భయముగా దలచుట అన్యాయము. పేరు మారవచ్చును, ఊరు మారవచ్చును, వ్రేలి గీతలు మారవు. ఒక గనిలో తొలగింపబడినవానికి వేరొక గనిలో తలుపు మూయుటకు అట్టి చిట్టా చాలును. నిజమే, అది సర్కారు సర్వే కాదు, కంపెనీ నమోదు. అందు జీవనోపాధి భయమే ప్రధానము, బాలల ప్రసక్తి లేదు. అయినను తమ దేహచిహ్నము ఎవరి చేత బడును, దేనికి వినియోగపడును అనెడి ప్రశ్న అచ్చట స్పష్టముగా నున్నది.

ఇక సర్కారు లెక్కలకు వత్తము. 1948 జనగణన చట్టము ఉత్తరమిచ్చుట విధి యని చెప్పుచునే, ఆచారము నిషేధించినచో స్త్రీ తన భర్త పేరు చెప్పనక్కరలేదని మినహాయించినది. లోకాచారమును అంతగా మన్నించిన ఆ చట్టము బాలుని గూర్చి వేరుగా తలపలేదు. 2017లో భారత వైద్యపరిశోధనా మండలి, పరిశోధనలలో 7 ఏండ్లు నిండిన బాలుని అంగీకారము సైతము కోరవలెననెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లలోపు వారికి తల్లిదండ్రుల సమ్మతి విధించి, ఆయా వ్యక్తులపై నిర్ణయమునకు వాడనిచో గణాంకములకు మినహాయింపు నొసగినది. ఈ మినహాయింపు నాకు రుచింపదు. చిన్న పల్లెలో కులము, బడి, తరగతి తెలిసినచో పేరు తీసివేసినను బిడ్డ తెలిసిపోవును.

2025 సెప్టెంబరులో కర్ణాటక వెనుకబడిన వర్గాల కమిషన్ 60 ప్రశ్నలతో ఇల్లిల్లు తిరుగగా, ఉత్తరమిచ్చుట ఐచ్ఛికమని హైకోర్టు 25వ తేదీన ఆదేశించుట మేలైన పని. ఆ లెక్కలు వెనుకబడిన బిడ్డలకే అక్కరకు వచ్చునని నేనెరుగుదును. కాని గణకులలో పెక్కుమంది ఉపాధ్యాయులు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట పనికై బెంగుళూరు పోవు రైలుబండినే నమ్ముకొని బ్రతుకుచున్న కుటుంబపు తల్లి, తన బిడ్డకు చదువు చెప్పు మేష్టారే గడపలో నిలిచి అడిగినప్పుడు ‘చెప్పను సార్’ అనగలదా? అనలేదని నా దృఢాభిప్రాయము. బిడ్డల వివరము లడుగు గణకుడు ఆ బిడ్డల బడికి చెందనివాడై యుండవలెను.