కోడిపిల్లలో రక్షణ కణాల ప్రయాణం

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో నాటుకోడి పొదిగే గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడుతుంది. ఆ గడువులోనే దాని రోగనిరోధక వ్యవస్థ రూపుదిద్దుకుంటుంది. దాదాపు ఆరో రోజు నుంచి మూలకణాలు నెత్తురు వెంట విడతలుగా థైమస్ గ్రంథికి చేరి టి కణాలవుతాయి. ఎనిమిదో రోజు ప్రాంతంలో మరికొన్ని మలద్వారం పైనున్న ఫాబ్రీషియస్ సంచిలోకి వెళ్లి బి కణాలవుతాయి. కణాలు ఒకదానికొకటి అంటుకోవడానికి, తగినచోట నిలవడానికి వాటి ఉపరితలంపైని అసంజక అణువులు తోడ్పడతాయి. 1996లో వర్ణించిన హెమ్‌క్యామ్ అనే అణువు అలాంటిదే. సంచికి బయలుదేరిన కణాలపై సియాలిల్ లూయిస్ ఎక్స్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. అక్కడ స్థిరపడ్డాక దాని స్థానంలో లూయిస్ ఎక్స్ కనిపిస్తుంది. ఎంతో అందమైన ఏర్పాటిది! యాంటీబాడీల తయారీకి ఈ సంచే ఆధారమని శాస్త్రవేత్త బ్రూస్ గ్లిక్ బృందం 1956లో చూపింది. కోళ్లకు సోకే గంబోరో వైరస్ దెబ్బతీసేదీ ఈ సంచిలోని బి కణాలనే. మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు ముప్పు ఎక్కువ.