పేరు ముందా, బొమ్మ ముందా?

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా అడవి దాటి భద్రాచలము చేరువారికి రామదాసు కీర్తనలు దారిబత్తెము వంటివి. ఆలయము కట్టించిన కంచర్ల గోపన్న తన పేరును కీర్తన కడపట ముద్రగా నిలిపినాడు. పాట ముగియవచ్చినప్పుడు గాని కర్త పేరు వినబడదు. కూచిపూడివారి పద్ధతి వేరు. పాత్ర తెర వెడలి వచ్చుచునే ప్రవేశదరువులో తన పేరు చెప్పుకొనును.

సినిమాలో పేర్లన్నియు కథకు ముందే తెరకెక్కినవి. తగవు అక్కడనే పుట్టినది. 1962లో విజయా వారి 'గుండమ్మ కథ' వచ్చినది. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇరువురును కథానాయకులే. ఎవరి పేరు ముందు వేయవలెను? పేర్లు మాని ఛాయాచిత్రములను చూపిరి. ఆ ముఖములను గుర్తింపని తెలుగువాడు లేడు గదా! ఉపాయము చక్కనిదే గాని, కొత్త నటునికి అది పనికిరాదని మా అభిప్రాయము. అతనికి ముఖముకంటె పేరే ముఖ్యము.

అమెరికాలో 1959లో మొదలైన 'బొనాంజా' అను గుర్రపురౌతుల టెలివిజను కథామాలలో తండ్రీకొడుకులుగా నటించిన నలుగురి పేర్ల వరుసను మార్చి మార్చి వేసిరి. నేడొకరు ముందు, రేపు మరియొకరు. వంతులవారీ నీటి పారుదల వలె నున్నది!

మన గోపన్న కథను 1964లో చిత్తూరు నాగయ్య 'రామదాసు'గా తీసినప్పుడు నిర్మాత, దర్శకుడు, గోపన్న పాత్రధారి ఆయనయే. 2006 నాటి 'శ్రీరామదాసు'లో గోపన్న నాగార్జున. కబీరు ఆయన తండ్రి నాగేశ్వరరావు. ఇంటి వరుసను బట్టి తండ్రి ముందు, కథను బట్టి కొడుకు ముందు.