అష్టూరు గుమ్మటాలు

రాజుల సమాధులనగానే మనకు గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ గుమ్మటాలు గుర్తొస్తాయి. వాటికి ముందుతరం బహమనీ సుల్తానులవి కోహీరుకు దగ్గర్లోనే, బీదర్ పక్కన అష్టూరులో ఉన్నాయి. 1956 దాకా కోహీర్, జహీరాబాద్ ప్రాంతం బీదర్ జిల్లాలోదే. గోల్కొండ రాజ్యం నిలబెట్టిన సుల్తాన్ కులీ కూడా మొదట బహమనీల కొలువులో పనిచేసినవాడే.

బహమనీల తొలి సుల్తానుల సమాధులు గుల్బర్గాలో ఉన్నాయి. అహ్మద్‌షా రాజధానిని బీదర్‌కు మార్చాక శ్మశానం కూడా ఇటు మారింది. 1436లో పోయిన ఆయన సమాధే అష్టూరులో మొదటిది. బయట సాదా గోడలు. లోపల చీకటికి కళ్లు అలవాటుపడ్డాక తలెత్తి చూడాలి: గుమ్మటం లోపలివైపు ఎర్రరంగు మీద బంగారు అక్షరాలు, తీగలు, పువ్వులు. ఇరాన్‌లోని కిర్మాన్ గురువు షా నియామతుల్లా పద్యాలు అక్కడ రాయించారు. ఆరొందల ఏళ్ల కిందటి ఆ రంగు ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక్క దీని కోసమైనా అష్టూరు వెళ్లొచ్చు.

పక్కనే కొడుకు అలావుద్దీన్ సమాధి. గోడలకు నీలం, ఆకుపచ్చ పెంకుల ముక్కలు కొన్ని మిగిలాయి. ఆ తర్వాతిది హుమాయూన్‌ది. క్రూరుడని పేరు తెచ్చుకున్న సుల్తాన్ ఇతడు. ఇతని గుమ్మటం పిడుగుపడి చీలిపోయింది. గోడ ఎంత మందమో, ఇటుకలు ఎలా పేర్చారో ఆ చీలికలో తేటగా తెలుస్తుంది. చివరి సుల్తానులు తమ మంత్రులైన బరీదుల చేతిలో కీలుబొమ్మలు. వాళ్ల సమాధులు చిన్నవైపోయాయి. రాజ్యం ఎలా క్షీణించిందో ఆ వరుసే చెబుతుంది.

రాజుల సమాధులన్నీ ఇలా లోపలికెళ్లి చూసేలా ఉండవు. చైనాలో తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ మట్టి సైన్యం 1974లో బావి తవ్వుతున్న రైతులకు దొరికింది. 1979లో అక్కడ మ్యూజియం తెరిచారు. అసలు సమాధిని మాత్రం ఇంతవరకు తవ్వలేదు. అష్టూరులో అహ్మద్‌షా సమాధి తలుపు అందరికీ తెరిచే ఉంది. ఆయన్ను ముస్లింలు వలీ అని, లింగాయతులు అల్లమప్రభు అని కొలుస్తారు. ఏటా ఉర్సుకు గుల్బర్గా వైపు నుంచి జంగమయ్య వస్తాడు. ఆ ఉర్సును హిందూ పంచాంగం ప్రకారం జరుపుతారు. ఇన్ని గుమ్మటాల్లో పూజలందుకునేది ఇదొక్కటే.

ఈ కట్టడాల గురించి హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీ రాసిన పుస్తకం 1947లో వచ్చింది. చదవడం కుదరకపోయినా వెళ్లి చూడొచ్చు: కోహీర్ డెక్కన్ స్టేషన్ ఉన్న రైల్వే లైను మీదే బీదర్ ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. రంగులున్న గోడను మాత్రం చేత్తో తాకనివ్వకండి.